ఇరవైకి ఇరవై

"ఇరవై మాటలు. గంట టైమ్," అంటూ చీఫ్ ఒక కాగితాన్ని టేబుల్ మీదకి తోశాడు. దాని అంచున రక్తం ఎండిపోయి ఉంది.

ఆ రక్తం తన భర్తదని ఏజెంట్ నిఘంటువుకి తెలుసు. పెళ్లయి సరిగ్గా మూడు వారాలు. శత్రు ముఠా కోడ్ లిస్టుతో తప్పించుకొస్తూ నిన్న అతను తూటా తిన్నాడు. ఇప్పుడు ఎదురుగా ఉన్న నర్సింగ్‌హోమ్ మూడో అంతస్తులో స్పృహ లేకుండా పడున్నాడు. ముఠా నాయకుడి ముఖం చూసినవాడు అతనొక్కడే.

లిస్టు నిండా ఇంగ్లీషు శుభవార్తలే. గెటింగ్ బెటర్. ఆన్ ద మెండ్. బ్యాక్ ఆన్ ట్రాక్. ఒక్కోటి ఒక్కో ఆర్డర్.

"ముఠావాళ్లు రేడియోలో వీటిని హీబ్రూలో పంపుతున్నారు. నువ్వు హీబ్రూ చెయ్యి. ఈ కాగితం చూడనివాళ్లెవరైనా దాన్ని తిరిగి ఇంగ్లీషు చేస్తే, సరిపోయిందో లేదో తెలుస్తుంది."

"ముత్యానికి ఇస్తాను సార్."

ముత్యం ముఠాని వదిలి తమవైపు వచ్చిన డబుల్ ఏజెంట్. నవ్విందంటే ఆఫీసులో ఫైళ్లు కదలవు. హీబ్రూ మంచినీళ్లప్రాయం.

నిఘంటువు తల వంచుకుని రాసింది. సగం మాటలకు హీబ్రూలో 'మిష్తపేర్', అంటే 'మెరుగవుతోంది', అనే రాయాల్సొచ్చింది. 'బ్యాక్ ఆన్ ట్రాక్' దగ్గర పెన్ను ఆగింది. రైలూ లేదు, పట్టాలూ లేవు; "రాజమార్గం ఎక్కింది" అనే అర్థంలో రాసి, అంత టెన్షన్‌లోనూ మురిసిపోయింది.

ముత్యం పది నిమిషాల్లో ముగించింది. "ఇదిగో అక్కా. బావగారిని ఓసారి చూసొస్తా. పాస్ ఇవ్వవూ?"

"బంగారుతల్లివి," అంటూ నిఘంటువు సంతకం పెట్టేసింది.

చీఫ్ ఇచ్చిన లిస్టునీ, ముత్యం కాగితాన్నీ పక్కపక్కన పెట్టింది. ఇరవైకి ఇరవై! అక్షరం తేడా లేదు. చప్పట్లు కొట్టబోయిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

మిష్తపేర్ అన్నది పదిసార్లుంటే, పదిసార్లూ 'ఇంప్రూవింగ్' అనే రావాలి. ఇక్కడ పది రకాలుగా వచ్చింది. రాజమార్గం తిన్నగా పట్టాలెక్కింది. లిస్టు ముందే కంఠతా వస్తే తప్ప అలా ఎవరూ రాయలేరు.

ముత్యం ఇంకా ముఠా మనిషే.

వాచీలోని ట్రాన్స్‌మిటర్ నొక్కింది. భర్త గదికి కాపలా ఉన్న ఏజెంట్ పలకలేదు. రోడ్డు దాటి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. గది బయట కాపలా ఏజెంట్ కుర్చీలో వాలిపోయి ఉన్నాడు. గాలిలో ఖరీదైన సెంటు వాసన, దాని వెనకే మత్తుమందు ఘాటు. చున్నీతో ముక్కు మూసుకుని తలుపు తన్నింది.

ముత్యం చేతిలో సిరంజి ఖాళీ అయిపోయింది. సెలైన్ గొట్టంలో పసుపు రంగు మందు మణికట్టు వైపు జారుతోంది. జానెడు. బెత్తెడు.

నిఘంటువు ఒక్క ఉరుకున వెళ్లి గొట్టాన్ని పీకిపారేసింది. మరుక్షణం పిస్టల్ ముత్యం కణతకి ఆనింది.

"ఎక్కడ తప్పు చేశానక్కా?"

"ఒక్కటీ చెయ్యలేదు చెల్లీ. అదే నీ ఖర్మ."

సాయంత్రానికి అతను కళ్లు తెరిచాడు. ముఠా నాయకుడి ముఖం పోలికలన్నీ చీఫ్‌కి చెప్పి, ఆయన వెళ్లాక భార్య వైపు తిరిగాడు.

"పని తప్పుల్లేకుండా చేసినందుకు ఒకమ్మాయిని జైలుకి పంపావటగా?"

"మీకేం భయంలేదు," అంది అతని నుదుటి మీద జుట్టు సర్దుతూ. "మొన్న మీరు పెట్టిన కాఫీ తాగాను."