ఇరవై లక్షల ఏసీలు

నెల్లూరులో ఒక అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు. కిటికీ బయట తాడుకి వేలాడుతూ ముత్యాలయ్య ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మూత విప్పాడు.

ఎదురుగా రోడ్డు మీద చెరకురసం బండి దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడ్డ బెన్హర్ టైం చూసుకున్నాడు. పదకొండూ ఇరవై. జేబులో ఫోన్ కదిలింది. సర్క్యూట్ బోర్డు ఫోటో. ముత్యాలయ్య పంపాడు.

'చాలు, దిగెయ్' అని టైప్ చేస్తుండగానే పైన తాడు తెగింది.

జనం అరుస్తూ పరుగెత్తారు. బెన్హర్ తలెత్తి చూశాడు. డాబా మీద నీలం హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకడు తొందరేమీ లేకుండా వెనక్కి వెళ్లిపోతున్నాడు. బెన్హర్ ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. సమాచారం ఇచ్చే మనిషి శవం దగ్గర ఏజెంట్ కనపడకూడదు. అది ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ రూల్. అతను వెనక్కి తిరిగి ఆటో ఎక్కాడు. రెండు వీధులు దాటాక గానీ, చెరకురసం గ్లాసు ఇంకా చేతిలోనే ఉందని గమనించలేదు.

ముత్యాలయ్య కోట ఊరివాడు, హిమసాగర్ కంపెనీలో ఏసీ మెకానిక్. బెన్హర్ కరెంటు పొదుపు ఆఫీసు నుంచి వచ్చిన అధికారినని చెప్పి అతనితో స్నేహం చేశాడు. మెకానిక్ వేషం కుదరడానికి మూడు వారాలు అతని దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆఖరికి, ఒక్క బోర్డు ఫోటో కావాలని అడిగాడు.

"అంతేనా సార్? దాన్దేముండాది, తీస్తాలే" అన్నాడు ముత్యాలయ్య.

* * *

మూడు రోజుల తరవాత, ఉదయం ఏడు గంటలు. ట్రంక్ రోడ్డులో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ పై గది. కింద ముప్ఫై టైపు మిషన్లు టకటకలాడుతుంటే పైన ఏం మాట్లాడుకున్నా బయటికి వినపడదు. అందుకే సదరన్ డెస్క్ చీఫ్ వెంకటశేషమ్మ ఆఫీసు అక్కడ పెట్టింది.

ఆమె ఫోటోని పెద్దది చేసి గోడ మీద చూపించింది.

"ఈ మూల చిప్ చూడు. డిజైన్‌లో లేదు. తయారు చేసింది నార్త్‌విండ్ ముఠా. మూడు దేశాల్లో పవర్ గ్రిడ్ల మీద దాడులు చేసినవాళ్లు. నాయకుడి పేరు కోర్విన్. హిమసాగర్ ఎండీ అండతో కోటలోనే ఉన్నాడు."

"టార్గెట్?"

"మన గ్రిడ్. సగం కరెంటు చాలు అని చెప్పి హిమసాగర్ ఇరవై లక్షల ఏసీలు అమ్మింది. అన్నీ ఇంటర్నెట్‌తో నడిచేవే. లోడ్ ఎక్కువైనప్పుడు కంపెనీ దూరం నుంచి వాటిని తగ్గించొచ్చు. మంచి ఏర్పాటే. కానీ తగ్గించగలిగినవాడు పెంచనూగలడు."

"ఎలా?"

"ముందు ఇరవై లక్షల ఏసీలూ ఒక్కసారి ఆపుతారు. గ్రిడ్‌వాళ్లు ఉత్పత్తి తగ్గించుకుంటారు. పది నిమిషాలకి అన్నీ ఒకేసారి ఫుల్ లోడ్‌లో ఆన్. అంత బరువు గ్రిడ్ మోయలేదు. నెల్లూరు నుంచి కన్యాకుమారి దాకా చీకటి."

బెన్హర్ కిటికీలోంచి బయటికి చూశాడు. పొద్దున ఏడింటికే రోడ్డు మీద ఎండ మండిపోతోంది. ఈ ఎండల్లో కరెంటు పోతే ఆసుపత్రుల్లో ఎంతమంది పోతారో లెక్క వేయాల్సిన పని లేదు. కోట చుట్టూ ఉన్న రొయ్యల గుంటల్లో నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతే గంటలో రొయ్యలన్నీ చచ్చి తెల్లగా తేలతాయి.

"దాడి ఎల్లుండి అని షారన్ రిపోర్ట్ పంపింది" అంది వెంకటశేషమ్మ. షారన్ హిమసాగర్‌లో మార్కెటింగ్ హెడ్. రెండేళ్లుగా ఆ కంపెనీలో ఉన్న డిపార్ట్‌మెంట్ మనిషి. "ఇవాళ నువ్వు కోటలో హిమసాగర్ నమూనాగా కట్టిన మోడల్ హౌస్‌లోకి వెళ్లి, ఏసీలని ఆడించే సర్వర్ ఎక్కడుందో చూడు. రేపు తెల్లారేసరికి కమాండోలు వస్తారు. ఈ క్లాంప్ మీటర్ తీసుకో. కరెంటు కొలవడానికి మెకానిక్‌లు వాడేదే, కానీ లోపల ట్రాన్స్‌మిటర్ ఉంది. గోడ అవతల ఎంత వేడిగా ఉందో కూడా చెబుతుంది."

"గేటు దాటాలంటే కంపెనీ కార్డు కావాలి మేడమ్."

ఆమె గోడ మీది ఫోటో ఆపేసింది. "ముత్యాలయ్య కార్డు వాళ్ల సిస్టమ్‌లో ఇంకా తీసేయలేదు" అంది.

* * *

కోటలో ముత్యాలయ్య భార్య కామాక్షి వాకిట్లో కూర్చుని ఉంది. బెన్హర్ వేసుకున్న హిమసాగర్ యూనిఫాం చూసి లేచి నిలబడింది.

"కంపెనీ నుంచొచ్చినావా అన్నా?"

"అవునమ్మా. టూల్ బ్యాగు, కార్డు తీసుకురమ్మన్నారు."

ఆమె లోపలికెళ్లి బ్యాగు, కార్డు తెచ్చింది. జిప్పు మూయబోతూ ఆగి, లోపల స్పానర్లను సైజు ప్రకారం సర్దింది.

"ఆయన ఇట్టనే పెట్టుకుంటాడు. ఒకటి తప్పినా ఒప్పుకోడు" అని బ్యాగు అందించింది. "అన్నా, ఒక మాట. కరెంటు ఆఫీసు సారొకాయన ఈయన దగ్గిర పని నేర్చుకుంటా ఉండినాడంట. నీకు తెలుసా?"

"ఎందుకమ్మా?"

"ఆ పొద్దు పనికి పోతా చెప్పినాడు. ఆ సారు మంచోడు, అడక్క అడక్క ఒక్కటి అడిగినాడు, ఎట్టా కాదంటాము అని. మనిషి పోయినాడని ఆ సారుకి ఎవురన్నా చెప్పినారో లేదో. పాపం, తెలిస్తే ఎంత బాధపడతాడో."

"కనపడితే చెప్తానమ్మా" అన్నాడు బెన్హర్. బ్యాగు భుజాన వేసుకుని వీధి మలుపు దాకా నడిచి, అక్కడ ఒక గోడకి చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

* * *

మధ్యాహ్నం రెండూ పదికి మోడల్ హౌస్ గేటు దగ్గర కార్డు పెట్టాడు. పచ్చ లైటు వెలిగింది. తెర మీద 'స్వాగతం, ముత్యాలయ్య' అని వచ్చింది. సెక్యూరిటీ గార్డు తల కూడా ఎత్తలేదు.

ఇల్లు కోటకి అవతల, సముద్రానికి అర కిలోమీటరు దూరంలో ఉంది. తెల్లటి మందపాటి గోడలు, ఎండని వెనక్కి కొట్టే పైకప్పు, రెండు పొరల అద్దాల కిటికీలు. ప్రహరీకి అవతల రొయ్యల గుంటల్లో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. బెన్హర్ ఏసీ కడిగే నీళ్ల పంపు, బకెట్టు పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్లాడు. క్లాంప్ మీటర్ గోడకి పెడితే పద్దెనిమిది డిగ్రీలు చూపించింది. మిగతా ఇల్లంతా ఇరవై ఆరు. సర్వర్ గది ఇదే. పక్కనే మనిషెత్తు అవుట్‌డోర్ యూనిట్ తిరుగుతోంది.

"గ్యాస్ తగ్గిందా?" అని వెనక నుంచి వినపడింది.

కోడ్ మాట. "లేదు, ఫిల్టర్ మూసుకుపోయింది" అని జవాబు చెప్పి బెన్హర్ తిరిగి చూశాడు.

నల్ల కళ్లద్దాలు, నీలం నూలు చీర. ఆ ఎండలో కూడా షారన్ ఫోటోకి నిలబడ్డట్టే ఉంది. చేతిలో పిస్టల్ ఉంది. అది అతని గుండెకి గురిపెట్టి ఉంది.

"నువ్వు రావాల్సింది కాదు బెన్హర్."

"అయితే నువ్వు వాళ్ల మనిషివన్నమాట."

"ఇద్దరికీ మనిషిని. రెండు పడవల్లో ఉంటే ఏదో ఒకటి తేలుతుందనుకున్నాను."

"ముత్యాలయ్య పేరు కోర్విన్‌కి నువ్వే చెప్పావా?"

"నాకు చెప్పిందెవరు?"

బెన్హర్‌కి గుర్తొచ్చింది. మైపాడు బీచ్‌లో కాఫీ తాగుతూ తనే చెప్పాడు. చెప్పాల్సిన అవసరం ఏమీ లేదు. ఆమె నవ్వుతూ వింటోందని, మంచి మనిషిని పట్టానని గొప్పగా చెప్పాడు. మూడు రోజులుగా ఆ తాడు కోసినవాడి గురించి ఆలోచిస్తున్నాడు గానీ, దాని మొదలు తన నోట్లోనే ఉందని ఇప్పుడు తెలిసింది.

"భయపెడతారనుకున్నాను" అంది షారన్. "చంపుతారనుకోలేదు. ఒట్టు."

"ముత్యాలయ్య భార్య పొద్దున నన్ను చూసి, ఆ సారు ఎంత బాధపడతాడో అంది. ఆ సారుని నేనే. నన్ను కాల్చాలంటే కాల్చు షారన్. ఆవిడ మాట కన్నా అదే నయం."

పిస్టల్ మెల్లగా కిందికి దిగింది. ఆమె వాచీ చూసుకుంది.

"దాడి ఎల్లుండి కాదు. ఇవాళే. రెండున్నరకి ఆపుతారు, రెండూ నలభైకి ఆన్."

బెన్హర్ టైం చూశాడు. రెండూ ఇరవై ఐదు. మీటర్‌లో మాట్లాడాడు. వెంకటశేషమ్మ గొంతు పొడిగా వచ్చింది: "గ్రిడ్‌వాళ్లకి చెబుతాను, కానీ వాళ్లు నమ్మి కదిలేసరికి అరగంట. కమాండోలకి గంట. నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

"తలుపు?" అని షారన్‌ని అడిగాడు.

"ఉక్కు తలుపు. కోర్విన్ వేలిముద్రతోనే తెరుచుకుంటుంది. కరెంటు తీసినా బ్యాటరీలు నడిపిస్తాయి."

"ఏసీ ఆపితే సర్వర్లు వేడెక్కుతాయి."

"ఆ గోడల మందం చూశావుగా. అరగంటైనా పడుతుంది."

బెన్హర్ తిరుగుతున్న యూనిట్ వైపు చూశాడు. ముత్యాలయ్య ఒకసారి ఇలాంటి హీట్ పంప్ మీద బెన్హర్ చెయ్యి పట్టుకుని ఆనించాడు. 'ఇది చలిని తయారు చేసేది కాదు సార్. వేడిని మోసకపొయ్యేది. లోపలుండేదాన్ని బయట పారేస్తాది. దోవ తిప్పినామంటే బయటిదంతా లోపల పారేస్తాది. అందుకే కరెంటు తక్కువ తాగుతాది.'

బయట నలభై నాలుగు డిగ్రీలు. మోయడానికి వేడికి కొదవ లేదు.

మూత విప్పాడు. గ్యాస్ దారి మళ్లించే వాల్వుకి నేరుగా కరెంటు ఇచ్చాడు. వేడి మితిమీరితే మిషన్ తనంతట తనే ఆగిపోకుండా, ప్రెషర్ స్విచ్ వైర్లు రెండూ కలిపి మెలిపెట్టాడు. బుస్సుమని శబ్దం వచ్చింది. చల్లగా ఉన్న రాగి గొట్టం చెయ్యి పెట్టలేనంతగా కాలింది.

రెండున్నర. దక్షిణ తీరమంతా ఇరవై లక్షల ఏసీలు ఒక్కసారిగా ఆగిపోయాయి. మీటర్‌లో సర్వర్ గది ముప్ఫై ఒకటి. ముప్ఫై ఎనిమిది. నలభై ఏడు.

రెండూ ముప్ఫై ఆరుకి లోపల అలారం మోగింది. వెనక తలుపు తోసుకుని కోర్విన్ బయటికొచ్చాడు. తెరిచి ఉన్న యూనిట్‌ని, షారన్‌ని చూశాడు. అతనికి అంతా అర్థమైంది. తుపాకీ ఎత్తేసరికి షారన్ యూనిట్‌కి అడ్డంగా నిలబడింది. గుండు ఆమె భుజంలో దిగింది. రెండో గుండు పేలేలోపు బెన్హర్ నీళ్ల పంపు నొక్కాడు. ఏసీల దుమ్ము వదిలించే ఆ ధార కోర్విన్ కళ్లల్లో కొట్టింది. అతను వెనక్కి విరుచుకుపడ్డాడు. బెన్హర్ అతని చేతులు విరిచి ప్లాస్టిక్ టై బిగించాడు.

రెండూ ముప్ఫై తొమ్మిది. కోర్విన్‌ని ఆ ఉక్కు తలుపు దాకా ఈడ్చుకెళ్లే టైం లేదు. మీటర్‌లో యాభై ఎనిమిది. గోడ అవతల సర్వర్ ఫ్యాన్లు ఇంకా గట్టిగా ఊళ పెడుతూనే ఉన్నాయి.

"ఆగు, ఆగు" అని గొణిగాడు.

అరవై రెండు. అరవై మూడు. రెండూ నలభైకి నాలుగు సెకన్లున్నాయనగా ఫ్యాన్ల ఊళ సన్నగిల్లి, ఆగిపోయింది.

రెండూ నలభై. బెన్హర్ ప్రహరీ మీద నుంచి తొంగి చూశాడు. గుంటల్లో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతూనే ఉన్నాయి.

షారన్ గోడకి జారగిలబడి కూర్చుంది. చీర భుజం దగ్గర తడిసి నల్లబడింది. "నన్ను వదలవు కదూ" అంది.

"వదలను" అని తన తువ్వాలు మడిచి గాయం మీద అదిమిపట్టాడు. "నన్ను కూడా వదలకూడదు. రిపోర్ట్‌లో మైపాడు సంగతి రాస్తాను."

* * *

సాయంత్రం ఐదింటికి బెన్హర్ మళ్లీ కామాక్షి వాకిట్లో నిలబడ్డాడు. అది కూడా రూల్‌కి విరుద్ధమే.

"అమ్మా, ఆ సారుని నేనే" అన్నాడు. చెప్పగలిగినంత చెప్పాడు. చెప్పకూడనిది కూడా కొంత చెప్పాడు. ఎక్కడ ఎవరికి నోరు జారాడో కూడా దాచలేదు.

కామాక్షి అతని మొహం చూడలేదు. బ్యాగు తీసుకుని జిప్పు తెరిచి స్పానర్లు చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"పొద్దున ఇదే వాకిట్లో నీకోసరం నేను బాధపడినాను" అంది. "ఆయన పేరు యాడన్నా రాస్తారా?"

"రాయరమ్మా. ఇలాంటివి బయటికి రావు."

"అయితే నీకు మాత్రం గుర్తుండాల. నేను ఏమన్నా అంటే నీ భారం దిగిపోతాది. అందుకే ఏమీ అనను. పో."

ఆమె తలుపు వేసుకుంది. బెన్హర్ వీధిలోకి దిగాడు. నాలుగడుగులు వేశాడో లేదో పక్కింటామె అతని యూనిఫాం చూసి కేకేసింది.

"ఓ అన్నా! హిమసాగరేనా? రెండున్నర నుంచి మా ఏసీ చచ్చిపోయుండాది. ముసిలామె ఉక్కకి అల్లాడిపోతుండాది, రవ్వంత చూసిపో!"

బెన్హర్ లోపలికెళ్లి జేబులోని స్క్రూడ్రైవర్‌తో బోర్డు విప్పి, ఆ చిప్ పీకేసి, ఏసీ ఆన్ చేశాడు. బయటికి వచ్చేసరికి గుమ్మంలో ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు.

వీధి చివరికి చేరేలోపు పదకొండు ఇళ్లు చూశాడు. అందులో తొమ్మిదో ఇంటాయన, సర్వీసు మరీ ఆలస్యమని హిమసాగర్ ఎండీకే ఫిర్యాదు చేస్తానన్నాడు. ఎండీ ఆ రాత్రికే పోలీస్ స్టేషన్‌లో దొరుకుతాడని బెన్హర్ ఆ స్టేషన్ అడ్రసు రాసిచ్చాడు.