తొంభై దాటని కారు

పది గంటల ప్యాసింజర్ రైల్లో ఒక మైక్రోఫిల్మ్ పోతోంది. సరిహద్దు అవతల పనిచేస్తున్న పదకొండు మంది ఏజెంట్ల పేర్లున్నాయి అందులో. తొమ్మిదో పేరు ఏజెంట్ మాస్టారి సొంత తమ్ముడిది. నూట ముప్పయ్యో కిలోమీటరు దగ్గర వంతెన. అది దాటితే పరాయి నేల. దాటిందంటే సాయంత్రానికల్లా తమ్ముడి ప్రాణం పోయినట్టే. ఫోన్ తీగలన్నీ శత్రుముఠా ముందే కత్తిరించేసింది.

కొంప మునుగుతున్న ఈ సమయంలో చీఫ్ బోర్డు మీద లెక్క వేసుకుని మురిసిపోతున్నాడు. రైలు వేగం అరవై, కారు వేగం తొంభై, కారు బయల్దేరేది పది నలభైకి.

"ముందున్న దూరం నలభై. రెండు వేగాలూ కలిపితే నూట యాభై. పదహారు నిమిషాల్లో పట్టేస్తారు. కాఫీ తాగి వెళ్లండి మాస్టారూ."

గూఢచారి కాకముందు ఇరవై ఏళ్లు లెక్కలు చెప్పిన మాస్టారికి ఒళ్లు మండింది. ఇలాంటి బుర్రలకా దేశరక్షణ అప్పగించింది!

"ఎదురుగా వస్తుంటే కలపాలి సార్. వెంటపడుతుంటే తీసెయ్యాలి. గంటకి తగ్గేది ముప్పయ్యే. ఎనభై నిమిషాలు పడుతుంది. దారిలో ఒక్క నిమిషం ఆగితే మూడు నిమిషాలు పోతాయి. నాలుగు నిమిషాలు ఆగామా, ఇక అంతే."

డ్రైవరు వెల్వెట్ పక్కనే నిలబడి అంతా వింది. ఆవిడ నవ్వు చూసి చీఫ్‌తో సహా ఆఫీసంతా ఎప్పుడో చిత్తయిపోయింది. ఈ కారు తొంభై దాటితే ఇంజను పట్టేస్తుందని ఆవిడే చెప్పింది. అందరూ తలాడించారు తప్ప ఒక్కడూ పరీక్షించలేదు.

సరిగ్గా పదకొండింటికి, ముప్పయ్యో కిలోమీటరు దగ్గర కారు ఆగిపోయింది. వెల్వెట్ బానెట్ ఎత్తి, మాటిమాటికీ వాచీ చూసుకుంది. నాలుగో నిమిషం నిండగానే బానెట్ మూసి, బాగైపోయిందంది.

మాస్టారు బెల్టు బకిల్ నొక్కితే అది బేడీలుగా మారింది. డిపార్ట్‌మెంటు తయారుచేసిన వస్తువుల్లో సరిగ్గా పనిచేసింది అదొక్కటే. అర నిమిషంలో వెల్వెట్ మైలురాయి పక్కనున్న ఇనుప స్తంభానికి అతుక్కుపోయింది.

"పాడైన కారు ఇంత లెక్కగా బాగుపడదమ్మాయ్. నాలుగన్నాను, నాలుగే ఆపావు."

"అయినా నువ్వు అందుకోలేవు. తొంభై దాటితే..."

"ఆ తొంభై నువ్వు చెప్పిందేగా? నీ అబద్ధాన్ని నువ్వే నమ్మి లెక్క కట్టావు. మొద్దు పిల్లలు చేసే పనే ఇది."

స్టీరింగు మాస్టారే పట్టాడు. ముల్లు తొంభై ఐదుకి చేరినా ఇంజను చెక్కుచెదరలేదు. మధ్యలో ఉన్నది ముప్పై నాలుగున్నర కిలోమీటర్లు; గంటకు తగ్గేది ముప్పై ఐదు. గంటలోపే రైలు పక్కకొచ్చింది. దాన్ని దాటి, వంతెన దగ్గర కాపలా గార్డు కోటు అడిగి తొడుక్కుని మాస్టారు అతని ఎర్రజెండా ఊపాడు. తమ్ముడి మొహం కళ్లముందు మెదిలింది. ఇంజను కీచుమంటూ వంతెనకు గజం దూరంలో ఆగింది. బీమా ఏజెంటు వేషంలో ఉన్న శత్రుముఠా కొరియర్ గొడుగు పిడిలో ఫిల్మ్ దొరికింది.

తిరిగొచ్చేసరికి చీఫ్ రెండో కప్పు కాఫీ తాగుతూ, పదహారు నిమిషాల పనికి ఇంతసేపా అని అడిగాడు. మాస్టారు ఫిల్మ్‌ను లెన్స్ కింద పెట్టి తొమ్మిదో పేరు చూసుకుని, కళ్లు తుడుచుకున్నాడు. ఎనిమిదో తరగతిలో తమ్ముడూ ఈ చీఫ్‌లాగే వేగాలు కలిపితే మాస్టారే సున్నా వేశాడు. తమ్ముడు దక్కాడన్న సంతోషంలో కూడా ఆ మార్కు దిద్దాలని మాత్రం అనిపించలేదు.