ఓదెమ్మ విన్న అడుగులు

ఉదయం ఏడింటికి గంట మోగగానే, మానేరు ఒడ్డునున్న నేతవాడంతా ఒక్కసారి లేచి నిలబడింది. వాకిళ్లలో నలభై మంది కుడికాలు ముందుకు వేశారు, తర్వాత ఎడమకాలు. అందరి ఒంటిమీదా సరితొడుగు ఉంది. దారం కన్నా సన్నని తీగలతో నేసిన ఆ వస్త్రం ఒంట్లో ఎక్కడ వంకర ఉందో వెతికి, నరాలకు మెల్లగా నేర్పి సరిచేస్తుంది. కోట్లమంది నడకలను కలిపి తీసిన సమనడక ఒకటి దాని లోపల ఉంటుంది. మనిషి దిగులు ఒంటి వంకరల్లోనే దాక్కుంటుందని, ఒళ్లు తిన్నగా అయితే దిగులు దానంతటదే పోతుందని దాన్ని తయారుచేసినవాళ్ల నమ్మకం. నడుంనొప్పులు మాత్రం నిజంగానే పోయాయి. అందుకే ఎవరూ కాదనలేదు.

ఈదమ్మ మాత్రం ఆ కవాతులో లేదు. నలభై రోజులు నిండాయని నిన్ననే ఆమె తొడుగు విప్పేశారు. ఐదేళ్లప్పుడు మగ్గం గుంటలో పడ్డ నాటి నుంచి ఈడ్చుకుంటూ వచ్చిన కుడికాలు ఇప్పుడు తిన్నగా పడుతోంది. తుంటినొప్పి లేదు. ఆమె చాయ గ్లాసు పట్టుకుని అరుగు దగ్గరికి నడిచింది.

అరుగు మీద కూర్చున్న ఓదెమ్మ గోడకు ఒదిగింది. ఆమె ఈదమ్మ ఆడబిడ్డ, చిన్నప్పుడే చూపు పోయింది.

"ఎవలది?"

"నేనే వదినె. చాయ తెచ్చిన."

"గొంతు ఈదమ్మదే. అడుగు ఈదమ్మది గాదు."

"నొప్పి పోయింది వదినె. జెర సంబురపడరాదు?"

"నీ నొప్పి పోయినందుకు నాకు సంబురమే. కాని వాడకట్టుకు ఏమైంది? గాలయ్య మడమ ఈడ్సుడు లేదు, రాజవ్వ చెప్పుల చప్పుడు లేదు. ఒక్కడే మనిషి నలభై ఇండ్లల్ల తిరుగుతున్నట్టున్నది." ఆమె గ్లాసు అందుకోలేదు. "రేపు నన్ను ముసలోళ్ల నిలయంల దింపు."

"గక్కడ నీకెవలు తెలుసు?"

"ఎవ్వలు తెల్వదు. గందుకే పోత. కొత్త జాగల కొత్తోళ్లుంటే భయమెందుకు? నా ఇంట్ల కొత్తమనిషి తిరిగితేనే భయం."

ఈదమ్మ భర్త పోయాక ఈ పదకొండేళ్లూ ఆ ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. ఈదమ్మ గ్లాసు అరుగు మీద పెట్టి, నేరుగా తొడుగులు వేసే మేనిసవరణ కేంద్రానికి పోయింది.

అక్కడి సవరణకర్త సుమేధకు ముప్పై ఏళ్లు ఉంటాయి. ఆమె మెడ దగ్గర కూడా సరితొడుగు తీగలు మెరుస్తున్నాయి.

"నా పాత నడక నాకియ్యి బిడ్డా."

సుమేధ చేతిలోని తెర మీద చాలాసేపు వెతికింది. "దాన్ని తొడుగు దాచలేదమ్మా. రోగం కింద రాసుకుని, నయమయ్యాక చెరిపేసింది. పాత నడక కావాలని ఎవరైనా వస్తారని మేం అనుకోలేదు."

"గది రోగం గాదు. మా వదినెకు గది నా పేరు."

"మీ కాలిలో దుఃఖం ఉందని తొడుగు చూపించింది కదా."

"నా దుఃఖం కాల్ల లేదు బిడ్డా. మా ఆయన నా చేతులల్ల పోయిండు. మీరు నా చేతులను ఒక్కనాడు అడగలేదు."

ఈదమ్మ రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. సుమేధ వాటిని చూసింది. లేచి, "మీ నడక గుర్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

వాళ్లిద్దరూ ఇంటికి వచ్చేసరికి ఓదెమ్మ చీరలు మూటకట్టుకుంటోంది. సుమేధ తానెవరో చెప్పి అడిగింది. ఓదెమ్మ మూట పక్కకు నెట్టి, మగ్గం పలక మీద వేలి కణుపులతో కొట్టింది. టక్... సర్ర్... టక్. తర్వాత చిన్న విరామం. మళ్లీ టక్.

"పెండ్లయి ఈ ఇంట్ల కాలువెట్టిన్నాడు గిట్లనే నడిచింది. ఈ పిల్ల యాడున్నా నాకు దొరుకుతదనుకున్న."

ఈదమ్మ ఆ చప్పుడుకు తగ్గట్టు నడిచింది.

"గది కుంటుడు! నువ్వెన్నడు కుంటినవే? నువ్వు ఊగుతుంటివి. భుజం ముందల పోవాలె, కాలు యెనుక రావాలె."

గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. తుంటిలో పాత నొప్పి మెల్లగా తలెత్తింది. ఈదమ్మ పళ్లు బిగబట్టి నడిచింది. మూడో గంటలో ఒక్కసారి భుజం తనంతట తానే ముందుకు పోయింది. ఓదెమ్మ వేళ్లు పలక మీద ఆగిపోయాయి. ఆమె చెయ్యి గాలిలోకి చాచింది.

"వచ్చినవా?"

"వచ్చిన వదినె."

"నొప్పున్నదా?"

"ఉన్నది."

"నూనె వేడిజెయ్యి. రాస్త."

గుమ్మం దగ్గర నిలబడ్డ సుమేధ నెమ్మదిగా అడిగింది. "నన్ను బడిలో చేర్చిన రోజే ఈ తొడుగు వేశారు అవ్వా. చిన్నప్పుడు వేసినవాళ్లకు దీన్ని విప్పరు. నా నడక ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. మీరు చెప్పగలరా?"

"నేను విననిది ఎట్ల చెప్త? విప్పి నడువు బిడ్డా. వింట."

సుమేధ లోపలి గదిలోకి పోయి తొడుగు విప్పి వచ్చి, నేల మీద నిలబడింది. ఓదెమ్మ చెవి ఒగ్గి కూర్చుంది. మొదటి అడుగు ఏ కాలితో వెయ్యాలో సుమేధకు తెలియలేదు.