మూజువాణి ఓటు

గొర్లె మరిడమ్మ అద్దం ముందు నిలబడి చీర కుచ్చిళ్లు సర్దుకుంటూనే ప్రశ్న వేసింది.

"అధ్యక్షా! మూగజ్వరంతో ఏకాంత కేంద్రాల్లో ఉన్నవాళ్లు ఎంతమంది? వాళ్లలో చనిపోయినవాళ్లు ఎంతమంది? మంత్రిగారు సూటిగా చెప్పాలి."

"గౌరవ సభ్యురాలి ఆవేదన అర్థమైంది అధ్యక్షా," అంది బల్ల మీది పెట్టె. "సమాచారం సేకరిస్తున్నాం."

మరిడమ్మకి నవ్వొచ్చింది. "అచ్చం ఆ మంత్రిలాగే అన్నావు. సిగ్గు లేదేటయ్యా నీకు?"

"మంత్రికి లేనిది నాకెందుకే?" అంది పెట్టె, సన్యాసిరావు గొంతుతో.

సన్యాసిరావు ఆమె భర్త. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆమె ఎమ్మెల్యే అయిన ఈ పన్నెండేళ్లలో సభ ఉన్న ప్రతి ఉదయం ఆ ఇంట్లో ఇదే తంతు. ఆమె ప్రశ్న అడగాలి, ఆయన మంత్రి వేషం కట్టి తప్పించుకోవాలి. ఆయన దగ్గర తడబడకపోతే సభలో ఇంకెక్కడా తడబడనని ఆమె నమ్మకం. అయితే ఐదు నెలలుగా ఆయన ఇంట్లో లేడు. ఊరవతల ఏకాంత కేంద్రంలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది ఆయన గొంతు మాత్రమే.

దాని సంగతి చెప్పాలి, వినండి. మూగజ్వరం వచ్చిన మనిషికి ముందు పోయేది మాట. అప్పుడు డాక్టర్ శేషఫణి అనే శాస్త్రవేత్త కంఠమిత్ర అనే యంత్రం తయారుచేశాడు. రోగి మెడకి ఒక పట్టీ కడతారు. మాట పలకాలనుకున్నప్పుడు గొంతు నరాల్లో పుట్టే సన్నటి కదలికల్ని ఆ పట్టీ పసిగట్టి సిగ్నల్ పంపుతుంది. ఇంట్లోవాళ్ల దగ్గరున్న పెట్టె దాన్ని అందుకుని, అదే మనిషి గొంతుతో పలుకుతుంది. భగవంతుడు తీసుకున్న మాటని మనిషి తిరిగి తెచ్చాడని జనం ఆ పెట్టెలకి బొట్టు పెట్టారు, హారతిచ్చారు. రాజధానిలో ఎవరి భుజాన చూసినా ఓ పెట్టె వేలాడేది. గుడిలో పూజారి గోత్రం అడిగితే పెట్టే చెప్పేది. పూజారి దానికీ శఠగోపం పెట్టేవాడు.

ప్రభుత్వం పదిహేడో నిబంధన తెచ్చింది. కేంద్రంలోకి బంధువులెవరూ వెళ్లకూడదు. పెట్టె మాట్లాడుతున్నంత కాలం ఆ రోగి చికిత్సలో ఉన్నట్టే లెక్క. ఏడు నెలలుగా రాష్ట్రంలో మూగజ్వరం మరణాలు సున్నా.

ఆ సున్నాయే మరిడమ్మకి మింగుడుపడలేదు. కలరా రోజుల్లో తమ ఊళ్లు ఏ తల్లికి మొక్కుకున్నాయో ఆ తల్లి పేరే తనకి పెట్టారు. ఏ మహమ్మారీ ఒక్కరినీ తీసుకోకుండా పోయిందని ఆమె ఎక్కడా వినలేదు.

వారం కిందట శేషఫణిని కాఫీకి పిలిచి అడిగింది.

"మీ పెట్టె వెనకాల ఈ సీలేంటి డాక్టరుగారూ? చింపితే ఆరు నెలల జైలని రాసుంది."

"దాని కింద చిన్న కిటికీ ఉందమ్మా. అందులో ఒక అంకె కనబడుతుంది. పెట్టె మాట్లాడేదాంట్లో రోగి మాటెంత, యంత్రం ఊహెంత అని."

"ఊహా?"

"రోగి నీరసపడితే మాట మధ్యలో తెగిపోయేది. ఇంట్లోవాళ్లు బెంబేలెత్తిపోయేవారు. అందుకని ఆ ఖాళీని యంత్రమే పూరించేట్టు చేశాం. అంతకుముందు ఆ మనిషి అన్న మాటలన్నీ దాని దగ్గరుంటాయి కదా. మొదట్లో నూటికి ఐదు మాటలు పూరించేది. తర్వాత ఇరవై. సహజంగా ఉంటుందని మాటకి ముందు ఊపిరి పీల్చిన చప్పుడు కూడా పెట్టాం."

"రోగి అసలు మాట్లాడలేకపోతే?"

శేషఫణి కాఫీ గ్లాసులోకి చూశాడు. "నూటికి నూరూ అదే పూరిస్తుంది."

"మరి ఎప్పుడు ఆగుతుంది బాబూ?"

"ఆగేట్టు చెయ్యమని మాకెవరూ చెప్పలేదమ్మా."

మరిడమ్మ తన గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "మీ ఇంట్లో పెట్టె ఉందా?"

"మా అమ్మది ఉంది."

"సీలు చింపి చూశారా?"

ఆయన తల అడ్డంగా ఊపి, కాఫీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఆమె తీర్మానానికి నోటీసిచ్చింది. రాష్ట్రంలోని పెట్టెలన్నిటి సీళ్లూ తీయాలి, అంకెలు బయటపెట్టాలి. కబురు పాకేసరికి నియోజకవర్గం నుంచి జనం వచ్చిపడ్డారు. అభినందించడానికి అనుకుంది పిచ్చితల్లి. చేపలమ్మే నూకాలు పెట్టెని చంకలో పెట్టుకుని కాళ్ల మీద పడింది.

"నీకు పుణ్యముంటాది, ఆ సీలు జోలికెళ్లకమ్మా. మా ఆయన బతికున్నప్పుడు నాతో ఇంత మంచిగా ఒక్కనాడూ మాటాడలేదు."

అని, తనన్న మాట తనకే వినబడి నోటి మీద చెయ్యి వేసుకుంది. చంకలో పెట్టె, "ఏడవకే నూకాలూ," అంది మెత్తగా.

నూకాలు నోరు జారిన ఆ మాట అప్పటినుంచీ మరిడమ్మ చెవిలో తిరుగుతూనే ఉంది. అందుకే ఈ ఉదయం, చీర కట్టడం అయ్యాక, పెట్టె ముందు కూర్చుని ఒక్క ప్రశ్న వేసింది. సభలో వేసేది కాదు.

"ఏమయ్యా, పెళ్లయిన ఏడాది సింహాచలం మెట్లెక్కాం కదా. స్వామిని ఏం మొక్కుకున్నావు?"

ఆయన ఎన్నడూ ఎవరికీ చెప్పని సంగతి. లోపల ఉన్నది మనిషైతే ఈరోజైనా చెబుతాడు. యంత్రమైతే దానికి తెలిసే దారి లేదు.

పెట్టెలో ఊపిరి పీల్చిన చప్పుడయింది.

"చెబితే ఫలించదే."

ముప్పై ఏళ్లుగా ఎప్పుడడిగినా ఆయనిచ్చిన జవాబు అదే. ఆ మాటే, ఆ సాగదీతే. వేలిగోరు తనంతట తానే సీలు కిందికి వెళ్లింది. ఒక మూల లేచింది. అక్కడితో చెయ్యి ఆగిపోయింది. పెట్టెని సంచిలో పెట్టుకుని, దేవుడి గూటికి దణ్ణం పెట్టి, సభకి బయల్దేరింది.

ఇక ఆ సభ ఎలా ఉందో మనసులో బొమ్మ కట్టుకోండి. నూట ఇరవై మంది సభ్యులు. అరవై ఏడుగురు, జ్వరం అంటుకోకుండా, అద్దాల అరల్లో కూర్చున్నారు. మిగిలిన యాభై మూడు కుర్చీల్లో యాభై మూడు పెట్టెలు, ఒక్కోదాని మీదా ఆ సభ్యుడి కండువా. మంత్రిగారు చమత్కారం ఆడితే అవీ నవ్వుతున్నాయి. ఒకేసారి మొదలుపెట్టి, ఒకేసారి ఆపుతున్నాయి.

ముందు తన నియోజకవర్గంలోని గుండ్లవాగు వంతెన సంగతి అడిగింది మరిడమ్మ. సమాచారం సేకరిస్తున్నారట. కేంద్రాల్లో మరణాలెన్ని అని అడిగింది. సున్నా అట. ప్రశ్నల వేళ అయ్యాక తీర్మానం ఎత్తింది.

మంత్రి తాపీగా లేచాడు. "అధ్యక్షా, ఈరోజు రాష్ట్రంలో మూగజ్వరం వచ్చిన ఏ ఇంట్లోనూ ఏడుపు లేదు. లేని ఏడుపుని గౌరవ సభ్యురాలు ఎందుకు కోరి తెస్తానంటున్నారు?"

"పోయినవాళ్లకి నీళ్లు వదలాలి అధ్యక్షా! దినం చెయ్యాలి, పిండం పెట్టాలి. తల్లికి పెట్టాలా వద్దా అని కొడుకుకి తెలియకపోతే, ఆ ప్రాణం ఎటు పోవాలి? ఇక్కడ ఉండలేక, అక్కడికి పోలేక ఎన్ని జీవాలు మన చుట్టూ తిరుగుతున్నాయో ఈ ప్రభుత్వానికి లెక్కుందా?"

వెనక వరసలో ఒక సభ్యుడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

స్పీకరు మూజువాణి ఓటు అన్నాడు. అంటే తెలుసు కదా, చేతులెత్తే పని లేదు. నోటితో అంటే చాలు, ఏ పక్షం గొంతు గట్టిగా వినబడితే ఆ పక్షం గెలిచినట్టు.

"అనుకూలంగా ఉన్నవారు అవును అనండి."

"అవును!" బతికున్న గొంతులు చాలానే పలికాయి. అధికారపక్షం నుంచి కూడా కొన్ని.

"వ్యతిరేకంగా ఉన్నవారు కాదు అనండి."

యాభై మూడు పెట్టెలు ఒక్కసారిగా ఊపిరి పీల్చాయి. గదిలో గాలంతా అటే లాగేసినట్టయింది.

"కాదు."

ఎప్పుడూ ప్రభుత్వం వైపు అరిచేవాళ్లే, ఇప్పుడూ ఆ వైపే అరిచారు. వాళ్ల తర్వాత, అందరికంటే కాస్త ఆలస్యంగా, మరిడమ్మ ఒళ్లోని సంచిలోంచి ఇంకో గొంతు వచ్చింది. ప్రతి ఉదయం మంత్రి వేషం కట్టిన గొంతు.

"కాదు అధ్యక్షా."

పక్క అరల్లోని వాళ్లు తిరిగి చూశారు.

"వ్యతిరేకులదే ఆధిక్యత అని భావిస్తున్నాను," అన్నాడు స్పీకరు.

ఆ మాటకి సభలో ఒక విరుగుడుంది. ఒక్క సభ్యుడు లేచి డివిజన్ అడిగితే చాలు, గొంతులతో పని లేదు. తలుపులు మూసి, లేచి నిలబడ్డవాళ్లని వరసగా లెక్కపెట్టాలి. పెట్టెలు లేచి నిలబడలేవు. పన్నెండేళ్లు సభలో కూర్చున్న మరిడమ్మకి ఇది కొట్టిన పిండి.

ఆమె లేచి నిలబడింది.

"అధ్యక్షా..."

"చెప్పండి, మరిడమ్మగారూ."

డివిజన్ అడిగితే తీర్మానం గెలుస్తుంది. వెనక వరసలో ఆ కళ్లద్దాల సభ్యుడు లేవడానికి కుర్చీ చేతుల మీద బలం మోపాడు కూడా. ఈ సాయంత్రానికి రాష్ట్రమంతా సీళ్లు ఊడతాయి. నూకాలు పెట్టె వెనకా. శేషఫణి పెట్టె వెనకా. ఈ సంచిలోనూ.

సంచిలో ఊపిరి పీల్చిన చప్పుడయింది.

"కూర్చోవే మరిడీ. మోకాళ్లు నొప్పెడతాయి."

ఆయన ఎప్పుడూ అనే మాటే. ఆమె పెదవులు కదిలాయి. సభంతా ఆమె వైపే చూస్తోంది. కండువాల కింద పెట్టెలు కూడా వింటున్నట్టే ఉన్నాయి.

"గౌరవ సభ్యురాలు ఏదో కోరబోయారు," అన్నాడు స్పీకరు.

"ఏం లేదు అధ్యక్షా," అని మరిడమ్మ కూర్చుంది.

తీర్మానం వీగిపోయింది. మరణాలు సున్నా అన్న జవాబు రికార్డులకెక్కింది. ఆమె సంచిలోకి చెయ్యి పోనిచ్చి, ఉదయం లేచిన సీలు మూలని బొటనవేలితో తడిమి తడిమి వెతికి, అంటుకునేదాకా గట్టిగా అదిమిపెట్టింది.