మంచు కట్టిన ఫ్రిజ్

కొత్తకోట బస్టాండు ఎదురుగా గిరిధర్‌కు మందుల దుకాణం ఉంది. ఆ వేసవిలో దుకాణంలోని ఫ్రిజ్ మొరాయించింది. పైన ఫ్రీజర్ గోడకు మంచు అంగుళం మందాన పేరుకుంది. కింద ఇన్సులిన్ పెట్టే అరలో మాత్రం చల్లదనమే లేదు. చూసిన మెకానిక్ కంప్రెసర్ పోయిందని తేల్చేశాడు. నమ్మబుద్ధి కాక గిరిధర్ వనపర్తిలోని మరో రిపేరు షాపుకు ఫోన్ చేశాడు.

మధ్యాహ్నానికి ఒక అమ్మాయి స్కూటీ దిగి లోపలికొచ్చింది. గిరిధర్ మందుల చీటీ అడిగాడు.

"చీటీ లేదు. ఫ్రిజ్ యాడుంది?" అంది ఆమె.

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె పేరు స్రవంతి. ఐటీఐలో ఈ పనే నేర్చుకుంది. ముందుగా ఇన్సులిన్‌ను ఐస్ డబ్బాలోకి మార్పించి, గడ్డకట్టి పాడవకుండా ఐస్‌కూ మందుకూ మధ్యలో అట్టముక్కలు పెట్టించింది. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ తీసింది. ఫ్రీజర్ వెనక పలక విప్పితే పైపులన్నీ మంచులో కూరుకుపోయి ఉన్నాయి. ఆ మంచును కరిగించే హీటర్ కాలిపోయిందని మీటరు పెట్టి చూపించి, కొత్తది వేసి వెళ్లింది. చాలాసేపటి వరకు గిరిధర్ కళ్ల ముందు పని చేస్తున్న ఆమె చేతులే ఆడాయి.

వారం తిరగకముందే మంచు మళ్లీ పట్టింది. ఫోన్ చేస్తే ఆమెను తప్పుపట్టినట్టవుతుందని, అతను రెండు రోజులు పొద్దున్నే ఐస్ తెచ్చి డబ్బా నింపుకున్నాడు. మూడో రోజు తన పని ఎలా ఉందో చూద్దామని ఆమే వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది ఫ్రీజర్ తెరిచి.

"మీ పనికి మాటొస్తదని."

"షుగరోళ్ల మందు ఇది. నా పేరు కోసం గిట్ల చేస్తరా?"

గిరిధర్ తలదించుకున్నాడు. ఆమె మళ్లీ విప్పి చూసింది. హీటర్ బాగానే ఉంది. దానికి కరెంటు ఇవ్వాల్సిన టైమర్ తిరగకుండా ఆగిపోయింది.

"ఆ రోజే టైమర్ గూడ చూడాల్సింది. తప్పు నాదే," అంది.

మందులకొచ్చిన నలుగురు నిలబడి వింటున్నా గొంతు తగ్గించలేదు. తప్పును అంత సూటిగా ఒప్పుకున్న మనిషిని గిరిధర్ అంతవరకు చూడలేదు.

కొత్త టైమర్ వేశాక మంచు కరిగి నీళ్లు చుక్కలు చుక్కలుగా కిందికి దిగసాగాయి. బయట వాన మొదలైంది. ఇద్దరూ స్టూళ్ల మీద కూర్చొని చాయ్ తాగారు.

"రేపు గూడ వస్తరా?" అన్నాడు గిరిధర్.

"ఫ్రిజ్ మంచిగైంది గద."

"అయింది. మీరొస్తే నాకు మంచిగనిపిస్తది."

ఆమె గ్లాసులోకి చూస్తూ నవ్వింది. ఆ మాట ఆదివారం వచ్చి అమ్మతో చెప్పమంది.

ఆదివారం గిరిధర్ వనపర్తి వెళ్లాడు. స్రవంతి తల్లి భీమమ్మ అతన్ని ఎగాదిగా చూసి ఒకటే అడిగింది.

"పెండ్లయినంక గూడ నా బిడ్డ ఈ పని ఇడ్వదు. నీకు సమ్మతమేనా?"

"ఆ పని జూసే వచ్చిన, అత్తమ్మా."

లోపల గదిలో స్రవంతి నవ్వు వినిపించింది. భీమమ్మ అతనికి కంచం పెట్టింది.