తొమ్మిది కథల్లో మోగిన ఫోను

ఎండాకాలం మధ్యాహ్నం ఎమ్మిగనూరు వీధుల్లో కుక్క కూడా తిరగదు. డిగ్రీ చదివే రోజుల్లో ఇదే ఎండలో ఆదోని నుంచి బస్సు టాపు మీద కూచొని వచ్చేవాణ్ణి. అప్పుడు నెత్తి మాడేది కాదు. ఇప్పుడు కిటికీ తెరిస్తే చాలు, తల తిరుగుతుంది. సరే, అది వేరే సంగతి. అలాంటి మధ్యాహ్నమే వాసవి మా ఇంటికి వచ్చింది.

వాసవి ఆదోనిలో పత్తి మిల్లు నడిపే శేషాద్రి భార్య. ఆ మిల్లులోనే నా కూతురు ప్రార్థన పత్తి రకం చూసే పని చేసేది. చిటికెడు దూది వేళ్ల మధ్య లాగి, పోగు పొడవు చెప్పేసేది. భోజనాల వేళ గోదాము షట్టర్ దించే ముందు దాన్ని మూడుసార్లు బాదడం అక్కడి పద్ధతి. లోపల ఎవరైనా ఉంటే తిరిగి బాదుతారు. నాలుగేళ్ల కిందట శేషాద్రి బాదకుండానే దించేశాడు. లోపల పత్తి కుప్ప కూలింది. షట్టర్ ఎత్తేసరికి నా బిడ్డ నోటినిండా దూది.

కేసు నిలవలేదు. నాకు చేతనైంది దెయ్యాల కథలు రాయడం. ఆ తర్వాత తొమ్మిది రాశాను. తొమ్మిదింటిలోనూ ఒక వ్యాపారి దూదిలో ఊపిరాడక చచ్చాడు. "ఒక్కణ్ణయినా పాము చేత కరిపించరాదా, చదివేవాళ్లకు విసుగు రాదా?" అనేది నా భార్య ఇందిరాబాయి, బతికుండగా. నాకు ఇంకో చావు రాయడం రాలేదు.

"సామీ, మీ కథ అచ్చయిన వారమల్లా మా ఆయనకు ఊపిరాడదు," అంది వాసవి. "దగ్గితే దూది పడతాంది. ఇప్పుడు మంచం దిగల్యాక పోతాండాడు."

"సంతోషం," అన్నాను.

"తప్పు మాదే. ఒక్క కథలో బతికించండి సామీ, మీ కాళ్లు పట్టుకుంటా."

"మీ ఆయన నా బిడ్డను బతికించినాడా?"

ఆమె ఏడవలేదు. లేచి, గడప దగ్గర ఆగింది.

"తొమ్మిదీ చదివినాను. అన్నిట్లో ఆ మనిషి సచ్చేటప్పుడు యాడనో ఫోను మోగుతాది. మూడుసార్లు. ఎవురూ ఎత్తరు. షట్టర్ దించింది మా ఆయనే, నిజమే. ఆ ఫోను ఎవరిది సామీ?"



ఆమె వెళ్లగానే పదో కథ మొదలుపెట్టాను. కోపంతోనే. మొదటిసారి వ్యాపారికి శేషాద్రి అన్న అసలు పేరే పెట్టాను. ఇంతవరకూ నా కథల్లో షట్టర్ దానంతటదే పడేది. ఈసారి దాన్ని ప్రార్థన చేతికిచ్చాను. బాదకుండా దించమన్నాను. చివరి వాక్యం రాసి, పెన్నుకు మూత పెట్టాను.

ఫోను మోగింది. వాసవి.

"పోయినాడు సామీ..." గుసగుసగా అంది. "మీ పాప వచ్చిందన్నాడు. ఒకటే మాట అడిగిందంట..."

"ఏమని?"

"'మా నాన్న ఇంకా రాస్తాండాడా?' అని."

ఫోను పెట్టేసింది.

ఇది ఎవరికీ చెప్పలేదు, ఇందిరాబాయికి కూడా. ఆ రోజు ప్రార్థన గోదాము లోపలినుంచి నాకు మూడుసార్లు ఫోన్ చేసింది. నేను కథలో ఉన్నాను. దెయ్యం అప్పుడే గడప దాటుతోంది. వాక్యం చెదిరిపోతుందని ఫోను దిండు కింద తోసేశాను. అదే తొమ్మిదిసార్లు రాశానని, వాసవి అడిగేదాకా నాకే తెలీదు.

గదిలో పచ్చి పత్తి వాసన... గింజల నూనె వాసన...

మళ్లీ ఫోను. తెర మీద నంబరు లేదు. ఒకసారి మోగి ఆగింది. రెండోసారి. మూడోసారి ఎత్తాను.

"అమ్మా ప్రార్థనా... నేనే..." అన్నాను.

మాట లేదు. అటువైపు కాగితం మీద పెన్ను గీసుకుపోతున్న చప్పుడు. ఆగకుండా... తొందరగా... ప్రార్థన జన్మలో కథ రాసింది లేదు.

నాలుక మీద మెత్తగా ఏదో తగిలింది. వేళ్లతో లాగాను. పొడుగు పోగు. లాగేకొద్దీ వస్తోంది... తెగడం లేదు...

పెన్ను చప్పుడు ఆగిపోయింది.

గదిలో వెలుగు పైనుంచి కిందికి తగ్గుతూ వచ్చింది. వీధివైపు షట్టర్ గడగడమంటూ దిగింది. ఎవరూ బాదలేదు.

మా ఇంటికి ఉన్నవి చెక్క తలుపులు.