బీడీ దారం

పెర్కిట్‌లోని ఆ ఇంట్లో ఉదయం ఎనిమిదయ్యేసరికి గంగమణి ఒళ్లో బీడీల చాట, శైలజ చేతిలో టిఫిన్ డబ్బా ఉంటాయి. తల్లి బీడీలు చుట్టి చదివిస్తే కూతురు సర్కారు బడిలో టీచరైంది. ఆమె క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది. హెడ్మాస్టర్ బాబురావు అందరి ముందూ మెచ్చుకున్నాడు కూడా. అప్పటినుంచి శైలజ కాళ్లు నేల మీద నిలవడం లేదు.

"మన వాడకట్టు లింగం మనవరాలు పూజిత మూడు రోజుల సంది బడికి వస్తలేదు. ఎందుకో ఎర్కేనా?" అంది గంగమణి, చేతులు ఆపకుండానే.

"జరమొచ్చిందేమో."

"జరం గాదు. తప్పు రాసిందని అందరి ముంగట పేజీ చింపి పిల్ల మీదికి ఇసిరినవంట. నిన్న లింగం చెప్పుకుంట ఏడ్సిండు."

"కొట్టలేదు కదమ్మా! గట్ల చెయ్యకుంటె సక్కగ రాయరు. నువ్వు నన్నెట్ల పెంచినవ్? బీడీ ఆకు తప్పు కత్తిరిస్తే కత్తెరతోని ఏళ్ల మీద కొట్టలేదా?"

గంగమణి చేతులు ఆగిపోయాయి.

"కొట్టిన బిడ్డా. నా బుద్ధి గడ్డి తిన్నది. బీడీలు మంచిగ లేవని కార్ఖానాల బీడీలు లెక్క చూసే ముంషీ నా కట్టలు ఇరగ్గొట్టి నా మీదనే ఇసిరేటోడు. గా కోపం ఇంటికొచ్చి నీ మీద తీసిన. గప్పుడు నువ్వేమడిగినవో యాదికున్నదా?"

గుర్తుంది. 'అమ్మా, గాయన నీకు మంచిగ ఎందుకు చెప్పడు?' అని అడిగింది. ఆ రోజు అమ్మ తల ఎత్తకుండా విరిగిన బీడీలు ఏరుకుంది. నాలుగు రోజుల కింద క్లాసులో పూజిత కూడా అచ్చం అలాగే వంగి, చిరిగిన కాగితం తీసుకుంది. తను కుర్చీలో కూర్చుని చూసింది. చిన్నప్పుడు ఆ ముంషీ చేతులు పడిపోవాలని ఎన్నిసార్లు శపించిందో! శైలజ సిగ్గుతో కుంగిపోయి, తల్లి మోకాలి మీద తల పెట్టి ఏడ్చింది.

గంగమణి సూది, బీడీ దారం తెచ్చి కూతురి చేతిలో పెట్టింది.

తన ఇంటికి వచ్చిన శైలజను చూడగానే లింగం లేచి కుర్చీ తుడిచాడు. "పిల్లదే తప్పు మేడం" అన్నాడు. ఆ మాటకు ఆమెకు ప్రాణం పోయినంత పనైంది.

"లేదు కాకా, నాదే తప్పు" అంటూ కిందనే కూర్చుంది. తలుపు చాటునున్న పూజితను దగ్గరికి పిలిచి, చిరిగిన పేజీని నోట్‌బుక్‌లో పెట్టి కుట్టింది. పిల్ల బెదురుతూనే ఆమె వెంట బడికి వచ్చింది.

మధ్యాహ్నం పూజిత మళ్లీ ఒక మాట తప్పు రాసింది. టీచర్ వస్తుంటే చూసి, తనే గబగబా ఆ పేజీ చింపబోయింది.

శైలజ ఆ చిన్న చేతిని పట్టుకుంది. "చింపకు బిడ్డా" అంది. పిల్ల పక్కనే కింద కూర్చుని, ఆ తప్పు మాట పక్కన సరైన మాట రాసి చూపింది.